జనం నిండే గుహను కాపాడుకోవడం: కోరాపుట్ వైపు కేవింగ్ చేసేవారికి దశలవారీ మార్గదర్శి

ఒడిశాలోని జయపురం నుంచి బైపారిగూడ, రామగిరి మీదుగా సుమారు 60 కిలోమీటర్లు అడవిలోకి వెళ్తే, శబరి నది ఒడ్డున సున్నపురాయి కొండలో గుప్తేశ్వర స్వామి గుహ ఉంది. జయపురం, కోరాపుట్, సునాబెడ, రాయగడలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత ఊరి గుడి లాంటిది. శివరాత్రికి సాలూరు, పార్వతీపురం వైపు నుంచి కూడా జనం జీపుల్లో వస్తారు. శ్రావణంలో కావడి భక్తులు కాలినడకన వస్తారు. మా ప్రాంతంలో ఇప్పుడు హెల్మెట్లు, హెడ్‌ల్యాంపులు పెట్టుకుని గుహలు తిరిగే యువతలో చాలామంది గుహ అనేదాన్ని మొదటిసారి చూసింది ఇక్కడే, నాన్న భుజాల మీద కూర్చునో, నానమ్మ చెయ్యి పట్టుకునో.

అయితే తాడు పట్టడం, పాకడం నేర్చుకున్నాక వారిలో ఎక్కువమంది ఈ గుహను వదిలేస్తారు. అక్కడ జనం ఎక్కువ, చూడడానికి కొత్త ఏమీ లేదు, అది ఎలాగూ పాడైపోయింది అని చెప్పి ఎవరూ తొక్కని గుహల కోసం వెతుక్కుంటూ వెళ్తారు. ఈ ధోరణి తప్పని నేను గట్టిగా నమ్ముతాను. గుహ ఎలా ఏర్పడిందో, ఎలా చెడిపోతుందో తెలిసినవాళ్లు తప్పుకుంటే, తెలియని వేలమంది మధ్య ఆ గుహ ఒంటరిదవుతుంది. జనం వచ్చే గుహ పట్ల మన బాధ్యత ఎవరూ రాని గుహ పట్ల ఉన్నదానికంటే ఎక్కువ. ఆ బాధ్యతను ఒక జట్టుగా ఎలా పంచుకోవాలో, ఏ పని ఏ వరుసలో చేయాలో చెప్పడానికే ఈ మార్గదర్శి. గుప్తేశ్వరాన్ని ఉదాహరణగా తీసుకున్నాను కాని, ఇందులోని పద్ధతులు బొర్రా గుహలకైనా, సరిహద్దుకు అవతల బస్తర్‌లోని కోటమ్‌సర్ గుహకైనా వర్తిస్తాయి.

ముందుగా, గుహ ఎలా పాడవుతుందో అర్థం చేసుకోవాలి

నియమాలు బట్టీ పడితే గుహలోకి వెళ్లిన పది నిమిషాల్లో మరచిపోతాం. కారణం తెలిస్తే మరచిపోలేం. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీటిబొట్టు గుహ పైకప్పుకు చేరి గాలి తగలగానే వాయువును వదిలేస్తుంది, కరిగిన సున్నంలో పిసరంత అక్కడే పేరుకుంటుంది. పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింద నుంచి లేచే రాతి స్తంభాలు ఇలా ఏర్పడినవే. ఊడ ఎదుగుదల ఒక్కో గుహలో ఒక్కో రకంగా ఉంటుంది కాని, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే, చిటికెన వేలంత పొడవు ఊడ ఏర్పడడానికి సుమారు 500 ఏళ్లు పడుతుంది.

అటువంటి ఊడను మనం ఒకసారి తాకితే చేతి జిడ్డు దానికి అంటుకుంటుంది. జిడ్డు ఉన్నచోట నీరు సమంగా పరచుకోదు, సున్నం పేరుకోదు, పైగా దుమ్ము అతుక్కుని నల్లబడుతుంది. వెయ్యిమంది తాకిన చోట రాయి నూనె పూసిన దూలంలా మెరుస్తుంది. ఆ మెరుపును చూసి అందంగా ఉందనుకునేవారు ఉంటారు. నిజానికి అక్కడ రాయి ఎదగడం ఆగిపోయింది.

తాకకుండా నిలబడినా మన ప్రభావం ఉంటుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతమైతే, మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం, అంటే దాదాపు వంద రెట్లు. ఊరికే నిలబడిన మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వెలువడుతుంది. పదిమంది ఒక చిన్న గదిలో నిలబడితే ఒక కిలోవాట్ హీటరు పెట్టినట్టే. ఆ వేడికి, ఆ తేమకు గోడల మీద చెమ్మ పట్టి, వాయువుతో కలిసి ఆమ్లమై, ఏర్పడిన సున్నాన్నే తిరిగి తినేస్తుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ 1940లో బయటపడింది, 1948లో సందర్శకులకు తెరిచారు. రోజుకు వెయ్యికి పైగా జనం రావడంతో గోడల మీద పాచి, సున్నపు పొర మొదలై, ఆదిమానవుడి చిత్రాలు దెబ్బతింటున్నాయని 1963లో మూసేశారు. వేల ఏళ్లు చెక్కుచెదరని గుహ 15 ఏళ్ల సందర్శనకు తట్టుకోలేకపోయింది. అక్కడికి వచ్చినవాళ్లలో ఎవరూ దాన్ని పాడు చేయాలని రాలేదు.

ఇక గబ్బిలాలు. గుప్తేశ్వరం అడవిలో 350 హెక్టార్లను ఒడిశా ప్రభుత్వం 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దక్షిణ ఒడిశాలో కనిపించే 16 రకాల గబ్బిలాలలో 8 రకాలు అక్కడి సున్నపురాయి గుహల్లో ఉండడం ఆ స్థలం ప్రత్యేకతల్లో ఒకటి. గుహ గబ్బిలాలలో ఎక్కువ జాతులు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి కనుక, ఒక్క ఏడు పిల్లలు పోతే ఆ నష్టం పూడడానికి చాలా కాలం పడుతుంది.

మొదటి దశ: రోజును ఎంచుకోవడం, అనుమతి అడగడం

రద్దీ రోజున గుహను చూడడానికి వెళ్లకూడదు, సేవకు వెళ్లాలి. గుహను పరిశీలించాలంటే రద్దీ లేని రోజున వెళ్లాలి. ఈ రెండు పనులను ఒకే రోజు కలిపితే రెండూ చెడతాయి. శివరాత్రి, కార్తిక సోమవారాలు, శ్రావణమాసం సేవకు పనికొచ్చే రోజులు. పరిశీలనకు వర్షాలు పూర్తిగా తగ్గిన తర్వాత శీతాకాలం మంచిది. వానాకాలంలో సున్నపురాయి గుహల్లో నీరు ఎటునుంచి వస్తుందో చెప్పలేం. కోటమ్‌సర్‌ను వానాకాలంలో మూసివేయడానికి కారణం కూడా వరదే. ఎండాకాలంలో లోపలి మూలలకు వెళ్లవద్దని నా సలహా. మన దక్షిణాది గుర్రపునాడ గబ్బిలం వంటివి పిల్లల్ని కని పెంచే కాలం అది.

అనుమతి ఒక్కచోట తీసుకుంటే సరిపోదు. అటవీశాఖ రేంజ్ కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. ఆలయ నిర్వాహకులకు, పూజారికి ముందే చెప్పాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. అందులోని గ్రామస్థులను కలిసి మాట్లాడాలి. ఈ మూడో పనిని చాలా జట్లు చేయవు. అడవిని రోజూ చూసేవాళ్లు వాళ్లే. ఏ గుహలో ఈ మధ్య పొగ పెట్టారో, ఏ దారి విరిగిందో, గబ్బిలాలు ఎప్పటి నుంచి తగ్గాయో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. జట్టులో ఒడియాతో పాటు అక్కడి గ్రామాల భాషైన దేశియా మాట్లాడగలిగినవారు కనీసం ఒకరు ఉండేలా చూసుకోండి. తెలుగులో మాట్లాడి తలలూపించుకుని రావడాన్ని సంప్రదింపు అనలేం.

రెండో దశ: జట్టులో పనులు పంచుకోవడం

పరిశీలనకు ఆరుగురికి మించి వెళ్లవద్దు. ఎక్కువమంది ఉంటే రెండు జట్లుగా చేసి వేర్వేరు రోజుల్లో పంపండి. ముందు నడిచేవారు దారి నిర్ణయిస్తారు. ఒకరు కొలతలు, ఫొటోలు, నోట్సు చూసుకుంటారు. ఒకరు పూర్తిగా మాట్లాడే పనిలోనే ఉంటారు: ఎదురైన భక్తులతో, గైడుతో, పూజారితో. అన్నిటికంటే ముఖ్యమైనవారు చివర నడిచేవారు. మా జట్టులో ఈ పనిని అందరికంటే అనుభవం ఉన్నవారికి ఇస్తాం. ముందున్న ఐదుగురు ఏం వదిలారో, ఎక్కడ గోడకు ఒరిగారో, ఎవరి బూటు నీటి గుంటలో పడిందో ఆ మనిషికే కనిపిస్తుంది. చివరి మనిషి ఆగమంటే, ముందున్నది ఎంత పెద్దవారైనా ఆగాలి. ఈ ఒక్క నియమం జట్టు తీరునే మార్చేస్తుంది.

మూడో దశ: సామాను, శుభ్రత

హెల్మెట్, హెడ్‌ల్యాంప్, దానితో పాటు ఒక్కొక్కరికీ రెండు అదనపు దీపాలు, పట్టు ఉన్న బూట్లు, శుభ్రమైన చేతి తొడుగులు, ఎన్95 మాస్క్ తప్పనిసరి. గబ్బిలాల పెంట ఎండి దుమ్ముగా లేచేచోట హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం ఉండే ప్రమాదం ఉంది. అది ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. కొవ్వొత్తులు, కాగడాలు, కార్బైడ్ దీపాలు వద్దు. పొగ పైకప్పుకు పడుతుంది, వాడేసిన కార్బైడ్ మడ్డి గుహలోని చిన్న ప్రాణులకు విషం. తిండి బయటే తినండి. తప్పనిసరైతే కింద గుడ్డ పరుచుకుని తినండి. ఒక్క మరమరం గింజ రాలినా బయటి చీమలకు, ఎలుకలకు అది దారి చూపిస్తుంది. మూత్రానికి మూత బిగుసుకునే సీసా తీసుకెళ్లండి.

ఒక గుహలో వాడిన బట్టలు, బూట్లు, తాళ్లు ఉతకకుండా ఇంకో గుహలోకి తీసుకెళ్లకూడదు. ముందు బురద పూర్తిగా రాల్చి, సబ్బు నీళ్లతో కడిగి, వేడి నీళ్లు తట్టుకునేవాటిని 55 డిగ్రీల నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, బాగా ఎండబెట్టాలి. ఉత్తర అమెరికాలో 2006 నుంచి లక్షలాది గబ్బిలాలను చంపిన తెల్లముక్కు జబ్బు శిలీంధ్రం వల్ల వచ్చింది. మనుషుల బూట్ల మీద, సామాను మీద కూడా అది గుహ నుంచి గుహకు చేరగలదని తేలాక ఈ పద్ధతి స్థిరపడింది. ఆ శిలీంధ్రం చల్లదనంలోనే పెరుగుతుంది, 20 డిగ్రీలు దాటితే ఎదగదు కనుక మన వెచ్చని గుహలకు ఆ జబ్బు భయం తక్కువ. అయినా కడగడం మానకూడదు, ఎందుకంటే ఒక గుహ మట్టిలోని సూక్ష్మజీవులు ఇంకో గుహకు కొత్తవే.

నాలుగో దశ: లోపల నడక

ఎన్నిసార్లు వెళ్లినా ఒకే బాటలో నడవాలి, ఒకరి అడుగులో ఒకరు అడుగు వేయాలి. ఇప్పటికే జనం తొక్కి గట్టిపడిన నేల ఉంటే దాని మీదే నడవండి. పక్కన మెత్తగా, శుభ్రంగా కనిపించే మట్టి మీద కాలు పెట్టవద్దు. నిలకడ కోసం చెయ్యి ఆనించాల్సి వస్తే ఇదివరకే అరిగిన బండను ఎంచుకుని, తొడుగు వేసుకున్న చేతినే ఆనించండి. తల వంచేటప్పుడు హెల్మెట్‌తో పాటు వీపున ఉన్న సంచి ఎత్తును కూడా గుర్తుంచుకోవాలి. నేను చూసినంతవరకు ఊడలు విరిగేది చేతుల వల్ల కంటే సంచుల వల్లే ఎక్కువ. మా జట్టులోనే ఒక అబ్బాయి ఫొటో తీయడానికి వెనక్కి తిరగగానే సంచి కొస తగిలి చూపుడువేలంత ఊడ ఒకటి విరిగింది. ఆ శబ్దం చాలా చిన్నది, పెన్సిల్ ముక్క నేలన పడినంత. తెగినచోట లోపల ఉంగరాల్లా పొరలు కనిపించాయి, మధ్యలో సూదిబెజ్జమంత గొట్టం, దాని అంచున అప్పుడే దిగుతున్న బొట్టు. మేము ఆ రోజు అక్కడితో వెనక్కి వచ్చేశాం. అప్పటి నుంచి ఇరుకు చోట్ల సంచిని వీపు నుంచి తీసి ముందుకు పట్టుకోవడం మా అలవాటు.

విరిగిన ముక్కను ఇంటికి తెచ్చుకోకూడదు, అతికించే ప్రయత్నమూ చేయకూడదు. ఎక్కడ పడిందో అక్కడే, బాటకు పక్కగా ఉంచి, ఫొటో తీసి, నోట్సులో రాయండి. అతికించడం నిపుణులు చేసే పని.

నీటి గుంటల్లో కాలు పెట్టవద్దు, చేతులు కడగవద్దు. కోటమ్‌సర్ నీటిలో కళ్లు క్షీణించిన, రంగు పోయిన చేపలు బతుకుతున్నాయి. అటువంటి నీటిలో చేతికి రాసుకున్న దోమల మందు చుక్క కలిసినా ప్రమాదమే. గబ్బిలాలు వేలాడే గదికి చేరితే గొంతు తగ్గించి, దీపాన్ని నేల వైపు తిప్పి, వీలైతే ఎర్ర కాంతికి మార్చి, ఆగకుండా దాటిపోవాలి. ఒక్క గబ్బిలం రెక్క విదిల్చినా వెనక్కి తగ్గండి. పిల్లల్ని పట్టుకున్న తల్లులు బెదిరి ఎగిరితే పిల్లలు కింద పడతాయి. ఫ్లాష్ వెయ్యనేవద్దు. తలనొప్పి, ఆయాసం, దీర్ఘంగా ఊపిరి తీయాలనిపించడం మొదలైతే అది చెడుగాలికి గుర్తు. మారుమాట లేకుండా అందరూ బయటికి రావాలి.

ఐదో దశ: రద్దీ రోజున జనంతో మాట్లాడడం

అన్నిటిలోకి కష్టమైన దశ ఇదే, నేను ఎక్కువగా నేర్చుకున్నదీ ఇక్కడే. గుప్తేశ్వరంలో ఒకచోట పైకప్పు నుంచి దిగిన రాతిని కామధేనువు పొదుగుగా కొలుస్తారు. దాని కింద భక్తులు దోసిలి పట్టి నిలబడతారు. బొట్టు ఎప్పుడో గాని పడదు. ఒక శివరాత్రినాడు ఒక ముసలమ్మ అక్కడ కళ్లు మూసుకుని, కదలకుండా, చాలాసేపు దోసిలి పట్టి ఉండడం చూశాను. ముడతలు పడ్డ ఆ అరచేతిలో బొట్టు పడగానే కళ్లకు అద్దుకుంది. ఆమె గుహకు ఏ హానీ చేయలేదు. ఆ తర్వాత పక్క గోడ మీద చెయ్యి ఆనించి నడవబోతే, "అమ్మా, ఈ గోడ ముట్టుకోవద్దు, నా చెయ్యి పట్టుకోండి" అన్నాను.

"ఏటి బాబూ, సామిని ముట్టుకోకూడదా?" అని అడిగింది.

"సామికేటీ కాదమ్మా. ఈ గోడ ఇంకా పెరుగుతోంది. మన చేతి జిడ్డు తగిల్తే పెరగడం ఆగిపోద్ది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, వెనకాల వస్తున్న మనవళ్లను "ముట్టుకోకండ్రా, పెరుగుతాదంట" అని తానే కేకేసింది. గుప్తేశ్వరంలో లింగం పెరుగుతూ ఉంటుందని భక్తుల నమ్మకం. గుహ రాయి పెరుగుతుందనేది భూగర్భశాస్త్రం చెప్పే మాట. ఆ రెండూ కలిసే చోట నిలబడి మాట్లాడితే జనం వింటారు. మూఢనమ్మకం అనే మాటను గాని, మీరు పాడు చేస్తున్నారు అనే మాటను గాని నోట రానివ్వకండి. చేయకూడదు అని చెప్పి ఊరుకోకుండా, దానికి బదులుగా ఏం చేయవచ్చో చూపించండి. గోడ వద్దంటే మన చెయ్యి అందించాలి, కర్పూరం లోపల వద్దంటే బయట వెలిగించే చోటు చూపించాలి.

కర్పూరం, నూనె దీపాల పొగ, అభిషేకం పాలు, కుళ్లే పూలు, కొబ్బరి ముక్కలు: వీటి గురించి భక్తులతో కంటే పూజారితోనూ ఆలయ నిర్వాహకులతోనూ మాట్లాడడం మేలు, అదీ పండగ రోజున కాదు, నెల ముందు. దీపాలన్నీ గుహ బయట ఒకే మండపంలో పెట్టించడం, పూలను సాయంత్రానికల్లా బయటికి తీయించడం, ఒక విడతకు ఇంతమందే అని లోపలికి పంపడం వంటి మార్పులు పూజారి నోట వస్తే ఆచారం అవుతాయి, మన నోట వస్తే గొడవ అవుతాయి. విద్యుద్దీపాలు ఉన్నచోట అవసరమైనప్పుడే వెలిగేలా, గోడకు దూరంగా ఉండేలా అడగండి. ఆగని వెలుతురులో రాయికి ఆకుపచ్చ పాచి పడుతుంది.

గబ్బిలాలను తరమాలని అడిగేవారు ఉంటారు. పురుగులు తినే గబ్బిలాలు పొలానికి మేలు చేస్తాయని చెప్పండి. పండ్లు తినే గబ్బిలాలను హానికర ప్రాణులుగా చూసిన పాత జాబితానే 2022 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం నుంచి తీసేశారని కూడా చెప్పండి.

ఆరో దశ: శుభ్రం చేయడం

ఉత్సాహంతో చేసే శుభ్రత వల్ల జరిగే నష్టం చెత్త వల్ల జరిగే నష్టం కంటే పెద్దది కావచ్చు. ప్లాస్టిక్, గుడ్డలు, సీసాలు, బ్యాటరీలు తీయడానికి ఆలోచన అక్కర్లేదు. పాత కట్టెలు, ఎండిన ఆకులు మాత్రం వెంటనే తీయకండి. చాలాకాలంగా ఉన్నవాటి కింద చిన్న ప్రాణులు కాపురం పెట్టి ఉండవచ్చు, ముందు దీపం వేసి చూడాలి. రాతి మీద బురద చేతి గుర్తులుంటే మెత్తని నైలాన్ బ్రష్, స్పాంజి, శుభ్రమైన మామూలు నీరు వాడి, పై నుంచి కిందికి నెమ్మదిగా తుడవాలి. కింద ఇంకో స్పాంజి పట్టి మురికి నీటిని పట్టుకుని బయటికి తీసుకెళ్లాలి. సబ్బు, ఆమ్లం, బ్లీచింగ్, ఇనుప బ్రష్ దగ్గరికి రానివ్వకండి. గోడ మీద రాతలుంటే అవి ఎంత పాతవో తేలేదాకా చెరపవద్దు. నిన్నటి ప్రేమికుల పేర్ల కింద వందేళ్ల నాటి రాత ఉండవచ్చు. అటవీశాఖ, ఆలయ నిర్వాహకులు ఒప్పుకున్న చోట మాత్రమే, ముందు ఒక అడుగు మేర ప్రయత్నించి చూసి కొనసాగించండి.

ఏడో దశ: నమోదు, గోప్యత

మార్పు జరిగిందని నిరూపించాలంటే ఒకే చోట నుంచి, ఒకే ఎత్తులో, ఒకే దిక్కుకు తీసిన ఫొటోలు కావాలి. అటువంటి చోట్లు ఒక పది ఎంచుకుని, నేల మీద గుర్తు పెట్టకుండా మ్యాపులో రాసుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే తీయండి. గబ్బిలాలను లోపలికి వెళ్లి లెక్కపెట్టకండి. సూర్యాస్తమయానికి అరగంట ముందే గుహ బయట, ముఖద్వారానికి పక్కగా, ఆకాశం వెనకాల కనిపించేలా కూర్చుని, బయటికి వచ్చేవాటిని ఇద్దరు విడివిడిగా లెక్కించి, రెండు లెక్కలూ రాయండి. రద్దీ రోజుకు ముందు సాయంత్రం, తర్వాత సాయంత్రం లెక్కిస్తే ఎంతో తెలుస్తుంది.

చుట్టుపక్కల కొండల్లో కనిపించే చిన్న గుహల చోటును ఇంటర్నెట్‌లో పెట్టకండి, ఫొటోల్లోని జీపీఎస్ వివరాలను తీసేయండి. తన పేరు చూపించుకోవాలనే కోరిక ఎవరికైనా సహజమే, కాని ఒక్క వీడియోతో వచ్చే జనాన్ని ఆపడం ఆ తర్వాత మన చేతుల్లో ఉండదు. ఆ వివరాలు అటవీశాఖకూ, గ్రామ కమిటీకీ, మీ జట్టు నోట్సుకూ పరిమితం కావాలి.

తిరిగి వచ్చిన వారంలోగా ఒక పేజీ నివేదిక రాసి, ఒడియాలోకి మార్పించి, రేంజ్ కార్యాలయానికీ, ఆలయానికీ, గ్రామ కమిటీకీ ఒక్కో ప్రతి ఇవ్వండి. అందులో మీ జట్టు వల్ల జరిగిన నష్టం ఉంటే దాన్నే మొదట రాయండి. ఆరు నెలల తర్వాత అదే పది చోట్ల ఫొటోలు తీసి, పాతవాటి పక్కన పెట్టి, మీతో పాటు పూజారినీ, గ్రామస్థులనూ కూర్చోబెట్టుకుని చూడండి. తర్వాతి శివరాత్రికి ఎవరు ఏ చోట నిలబడాలో ఆ సమావేశంలోనే రాసుకోండి.